వ్రతాన్ని చెరపని ఔషధం

(శ్రావణమాసంలో దేవస్థాన కల్యాణమండపంలో జరిగిన మహిళా భక్తుల సభలో చేసిన ఉపన్యాసం)



శ్రావణం స్త్రీల మాసం. మంగళవారాలు మంగళగౌరికి, శుక్రవారం వరలక్ష్మికి అంకితం. వ్రతమాహాత్మ్యాన్ని గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. వ్రతాన్ని గురించే మాట్లాడతాను. కాని వ్రతం ఎంత పవిత్రమో, ఆ వ్రతాన్ని ఆచరించే దేహం కూడా అంత పవిత్రమైనదే కదా. ఆ దేహాన్ని గురించి వేదికలమీద మాట్లాడేవారు తక్కువ. కనుక నేడు వ్రతాన్నీ, వ్రతం చేసే తల్లినీ కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన ఇళ్లలో స్త్రీ ఎప్పుడు నిద్ర లేవాలి, ఏమి వండాలి, ఏ రోజున ఏది తినకూడదు, ఎవరికి ముందు వడ్డించాలి, తాను ఎప్పుడు తినాలి అనే విషయాలను నిర్ణయించేది చాలావరకు ఆమె నమ్మకమే. ఇది ధర్మం, ఇది దోషం, ఇది మంగళం, ఇది అమంగళం అనే భావనలే ఆమె దినచర్యకు సూత్రాలు. వైద్యుడు చెప్పిన మాట చెవిదాకా వెళుతుంది; నమ్మిన మాట వంటింటిదాకా వెళుతుంది. ఆరోగ్యం నిలబడేదీ, చెడేదీ ఆ వంటింటిలోనే.

ఈ నమ్మకాల వల్ల కలిగిన మేలు కొంచెం కాదు. స్నానం చేయనిదే పొయ్యి ముట్టరాదన్న నియమం, ఎంగిలి కలపరాదన్న నియమం, కాళ్లు కడుక్కొని లోపలికి రావాలన్న నియమం తరతరాలుగా మన ఇళ్లను శుభ్రంగా ఉంచాయి. శ్రావణంలో వాయనంగా ఇచ్చే నానబెట్టిన సెనగలు, నాగులచవితినాటి చిమ్మిలి, కార్తికంలో ఉసిరి చెట్టు నీడన చేసే వనభోజనం, ఇవన్నీ భక్తితోపాటు పుష్టిని కూడా ఇంటికి తెచ్చాయి. అట్లతద్దినాడు ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, ఆపైన ఉపవాసం ఉంటారు. ఉపవాసానికి ముందు కడుపు నింపి పంపిన ఆచారం అది. మన పెద్దలకు దేహం విషయం తెలియదని ఎవరనగలరు?

అయితే ఇదే శ్రద్ధకు శాస్త్రజ్ఞానం తోడు కానప్పుడు మరొకటి జరుగుతోంది. శాస్త్రం చెప్పని కాఠిన్యాన్ని శాస్త్రం పేరిట స్త్రీలు తమ దేహాలమీద మోపుకొంటున్నారు. ఎన్నో ఏళ్లుగా పురాణ ప్రవచనాలు చేస్తున్నాను. ప్రవచనం ముగిశాక పురుషులు వచ్చి ముహూర్తాలు, దోషపరిహారాలు అడుగుతారు. స్త్రీలు మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగి, మెల్లగా వచ్చి, ఇలాంటివి అడుగుతారు: "పంతులుగారూ, పూజ కాకముందు బి.పి. మాత్ర వేసుకుంటే దోషమా?" "సోమవారం ఉపవాసంలో షుగరు మాత్ర మింగితే వ్రతం చెడుతుందా?" "దర్శనానికి వచ్చేముందు మంచినీళ్లు తాగవచ్చా?" ఈ ప్రశ్నలను వారు వైద్యుణ్ణి అడగరు. వారి దృష్టిలో అది వైద్యుడు తేల్చే విషయం కాదు. కనుక సమాధానం చెప్పవలసిన బాధ్యత మా వంటివారిపైనే ఉంది. మేము మౌనం వహిస్తే ఆ తల్లి మాత్ర మానేస్తుంది. ఆ మౌనానికి మూల్యం ఆమె ప్రాణం కావచ్చు.

తపస్సు చేసే స్త్రీకి శివుడు చెప్పిన మాట

ధర్మాన్ని సాధించడానికి శరీరమే మొదటి సాధనమన్న సూక్తి మీరందరూ విన్నదే. కాని అది ఎక్కడిది, ఎవరు ఎవరితో చెప్పారు అని అడిగితే చాలామంది చెప్పలేరు. కాళిదాస మహాకవి కుమారసంభవం అయిదవ సర్గలోనిది ఆ మాట. పార్వతీదేవి శివుణ్ణి పతిగా పొందగోరి ఘోరతపస్సు చేస్తోంది. వేసవిలో నాలుగు దిక్కుల అగ్నుల నడుమ నిలిచింది; చలికాలంలో నీటిలో నిలిచింది. రాలిన ఆకులను తినడం కూడా మానివేసి అపర్ణ అనే పేరు పొందింది. ఆ దశలో సాక్షాత్తు పరమశివుడే బ్రహ్మచారి వేషంలో వచ్చాడు. కుశలప్రశ్నలు వేస్తూ, సమిధలు, దర్భలు దొరుకుతున్నాయా, స్నానానికి తగిన నీరు ఉన్నదా అని అడిగి, నీ శక్తికి తగినంతగానే తపస్సు చేస్తున్నావు కదా అని ప్రశ్నించాడు. ఆ ప్రశ్నకు కారణంగా చెప్పిన మాటే శరీరం ధర్మానికి తొలి సాధనమన్నది.

తల్లులారా, గమనించండి. ఆ సూక్తిని కవి వ్యాయామశాలలోని యువకుడికి చెప్పించలేదు. తిండి మాని వ్రతం చేస్తున్న ఒక స్త్రీకి చెప్పించాడు. చెప్పినవాడు ఎవరు? ఆమె ఎవరికోసం ఉపవసించిందో ఆ దేవుడే. శక్తికి మించి చేస్తున్నావేమో చూసుకొమ్మని దేవుడే అడుగుతుంటే, శక్తికి మించి చేస్తేనే దేవుడు సంతోషిస్తాడని మనం అనుకోవడం ఎంత విచిత్రం!

చరకసంహిత సూత్రస్థానంలో పదకొండవ అధ్యాయం ఉంది. మనిషి కోరదగినవి మూడని అందులో చెప్పారు. ఒకటి ప్రాణం, రెండు ధనం, మూడు పరలోకం. వరుసలో ప్రాణమే ముందుంది. ప్రాణం పోతే మిగిలిన రెండూ పోయినట్టే కనుక ముందుగా దానిని కాపాడుకొమ్మని ఉపదేశించారు. పరలోకాన్ని చరకుడు కాదనలేదు. ఆ మెట్టు ఎక్కడానికి ముందున్న మెట్టు విరగగొట్టుకోవద్దన్నాడు.

ఉపవాసమూ మాత్రా

ఇక సూటిగా ప్రశ్నలోకి వస్తాను. మందు మింగితే వ్రతం చెడుతుందా? చెడదు. ఇది నా స్వంత అభిప్రాయం కాదు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి నీతి బోధిస్తూ వ్రతభంగం కలిగించనివి ఎనిమిదింటిని లెక్కించి చెప్పాడు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. ఎనిమిదింటిలో మొదటిది నీరు, చివరిది ఔషధం. ఏ తల్లి అయినా మాత్ర చేతిలో పట్టుకొని సందేహిస్తుంటే, ఆ మొదటిదానితో ఆ చివరిదానిని మింగమని చెప్పండి. వ్రతానికి ఏ లోపమూ రాదు.

ఉపవాసంలోనూ ఒకే పద్ధతి లేదు. పగలు ఒక్కసారి భుజించే ఏకభుక్తం, నక్షత్రదర్శనం తరువాత భుజించే నక్తం, అడగకుండా లభించినదే తినే అయాచితం, పూర్తి ఉపవాసం అని భేదాలున్నాయి. ఎవరి శక్తి ఎంతో చూసి ఆచరించడానికే ఈ మెట్లు. వ్యాధిగ్రస్తులకు, గర్భిణులకు, బాలింతలకు పూర్ణోపవాసం నుంచి సడలింపు ఉంది. అంతేకాదు, అశక్తులైనప్పుడు ప్రతినిధి చేత వ్రతం చేయించవచ్చునని ధర్మసింధువు వంటి నిబంధగ్రంథాలు అనుమతిస్తాయి. భార్యకు భర్త, తల్లికి కుమారుడు ప్రతినిధిగా ఉండవచ్చు. తల్లికి షుగరు ఉంటే ఆ సోమవారం ఉపవాసం కొడుకు ఉండవచ్చునన్నమాట. ఇన్నేళ్లలో ఇందుకు ముందుకు వచ్చిన కొడుకులు నాకు ఎక్కువమంది కనబడలేదు. ఈ సభలో కూర్చున్న పురుషులు ఈ శాస్త్రవాక్యాన్ని కొంచెం శ్రద్ధగా వినవలసిందిగా ప్రార్థన.

మధుమేహం ఉన్నవారి విషయంలో ఇది అత్యంత ముఖ్యం. కొన్ని మాత్రలు, ఇన్సులిన్ తీసుకొని ఆహారం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆహారంతోపాటు మందు కూడా తమంతట తాము మానేస్తే చక్కెర అదుపు తప్పి పెరుగుతుంది. రెండూ అపాయమే. కార్తికం రావడానికి కొన్ని వారాల ముందే వైద్యుణ్ణి కలిసి, ఉపవాసం ఉండవచ్చునా, ఉంటే ఏ మందు ఏ వేళ ఎంత వేసుకోవాలి అని అడగండి. ఉపవాసంలో చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడ, తలతిరుగుడు, మాట తడబాటు కలిగితే అది దేవుడు పెట్టిన పరీక్ష కాదు. చక్కెర పడిపోయిన లక్షణం. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా తగ్గితే అది అపాయస్థితి. వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే తాగి, ఆపైన ఏదైనా భుజించాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు; ఆసుపత్రికి చేర్చాలి. పరీక్ష యంత్రం దగ్గర లేకపోయినా లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఆ పంచదార నీటినే ఆనాటి తీర్థమనుకోండి.

చివరి విస్తరి ఎవరిది?

ఇక రెండవ విషయం. మన గృహిణి అందరికీ వడ్డించి, అందరూ లేచాక, గిన్నెల అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొంటుంది. కూర అయిపోతే పచ్చడితో, పచ్చడీ లేకపోతే మజ్జిగతో కానిస్తుంది. అన్నం మిగిలితే పారేయడానికి మనసొప్పక, మర్నాడు తానే తింటుంది. దీనిని పాతివ్రత్యమని, గృహిణీధర్మమని ఆమె నమ్ముతుంది. ఆ త్యాగబుద్ధికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కాని ధర్మశాస్త్రం అలా చెప్పిందా అని అడిగితే, లేదనే చెప్పాలి.

మనుస్మృతి మూడవ అధ్యాయంలో భోజనక్రమం ఉంది. కొత్తగా పెళ్లయి ఇంట ఉన్న ఆడపడుచులకు, కన్యలకు, రోగులకు, గర్భిణీ స్త్రీలకు అతిథులకన్నా ముందే, వెనకాముందు ఆలోచించకుండా భోజనం పెట్టమని అక్కడ విధించారు. అతిథి దేవుడితో సమానమన్న సంప్రదాయమే గర్భిణిని అతిథికన్నా ముందు కూర్చోబెట్టింది. ఆ తరువాత అతిథులు, పోష్యవర్గం తిన్నాక, మిగిలినదానిని దంపతులు భుజించాలని చెప్పారు. అక్కడి క్రియాపదం ద్వివచనంలో ఉంది. సంస్కృతం చదివినవారికి ఆ ద్వివచనం విలువ తెలుస్తుంది. చివరి విస్తరి భార్య ఒక్కతెది కాదు, భార్యాభర్తలిద్దరిదీ. భర్త ముందుగా తిని లేచి వెళ్లి, భార్య ఒంటరిగా చివర మిగలడం ఆ వాక్యంలో లేదు.

దీని ఫలితం దేహంలో ఎలా కనిపిస్తుందో చూడండి. 2019–21 లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశంలో నూటికి 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అదే వయసు పురుషులలో దేశం మొత్తంమీద 25 శాతం. నెలసరి, కాన్పులు, కడుపులో నులిపురుగులు వంటి కారణాలు కూడా దీనికి ఉన్నాయి. అయినా ఒకే ఇంట, ఒకే పొయ్యిమీద వండిన అన్నం తినేవారిలో ఇంత తేడా ఉంటే, వడ్డన క్రమాన్ని కూడా ప్రశ్నించుకోక తప్పదు.

గర్భిణి కాని స్త్రీకి హెమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. అంతకు తగ్గితే రక్తహీనత. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, తలనొప్పి, ముఖం పాలిపోవడం దాని లక్షణాలు. వీటిని వయసు మీదకో, దృష్టిదోషం మీదకో నెట్టి ఊరుకొంటాం. గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఇనుము మాత్రలు నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. వేడి చేస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని కొందరు ఆ మాత్రలను బియ్యం డబ్బాలో దాచేస్తున్నారు. బిడ్డ రంగుకూ ఆ మాత్రకూ సంబంధం లేదు. విరేచనం నల్లగా కావచ్చు. అందులో భయం లేదు. కడుపులో వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. పాలతో కాని, కాఫీ టీలతో కాని వేసుకోకూడదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది.

తోటకూర, గోంగూర, మునగాకు, పప్పుధాన్యాలు, నువ్వులు, రాగులు మన వంటిళ్లకు కొత్తవి కావు. పులుసుకూర ఇనుప మూకుడులో వండిన పాత పద్ధతి కూడా మంచిదే. వాటితో నిమ్మకాయో ఉసిరికాయో చేర్చి, భోజనం కాగానే కాఫీ తాగే అలవాటును గంట సేపు వెనక్కి జరపండి. అన్నిటికన్నా ముఖ్యం, కూర గిన్నెలో గృహిణి భాగం ముందే తీసి పక్కన పెట్టండి. దేవుడికి నైవేద్యం ముందు తీసి పెడుతున్నాం కదా. ఇంటిలోని లక్ష్మికి కూడా అలాగే తీసి పెట్టవచ్చు.

క్యూలో దప్పిక

ఇప్పుడు యాత్రలలో జరిగే విషయం. దర్శనానికి వచ్చే స్త్రీలలో చాలామంది బయలుదేరినప్పటి నుంచి నీరు తాగరు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందని, వెళితే మైలపడతామని, మళ్లీ స్నానం చేయనిదే దర్శనం కూడదని, వరుసలో స్థానం పోతుందని వారి భయం. గంటల తరబడి దాహాన్ని, మూత్రాన్ని బిగబట్టి నిలబడతారు. వేసవిలో కళ్లు తిరిగి పడిపోయేవారిని మీరూ చూసి ఉంటారు. ఇంటికి చేరాక మూత్రంలో మంట, జ్వరం. దానిని ప్రయాణపు బడలిక అనుకొంటారు.

చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఆపకూడని వేగాలు పదమూడని చెప్పారు. ఆ జాబితాలో మొదటిదే మూత్రవేగం. ఆకలి, దప్పిక, నిద్ర కూడా అందులో ఉన్నాయి. అదే అధ్యాయంలో ఆపవలసిన వేగాలు కూడా చెప్పారు. లోభం, శోకం, భయం, క్రోధం మొదలైనవి అవి. మనం తారుమారు చేసుకొన్నాం. ఆపకూడనిది క్యూలో ఆపుతున్నాం. ఆపవలసిన కోపాన్ని అదే క్యూలో పక్కవారిమీద వదులుతున్నాం!

కాలకృత్యం తీర్చుకొని, కాళ్లూ చేతులూ కడుక్కొని, ఆచమనం చేసి దర్శనానికి రావడం శౌచమే. ప్రయాణంలో ఉన్నవారికి, రోగులకు శౌచనియమాలలో శక్త్యనుసారమైన సడలింపును ధర్మశాస్త్రకారులే ఇచ్చారు. కనుక నీరు తాగండి. వెంట సీసా తెచ్చుకోండి.

ఇదే యాత్రలకు సంబంధించి మరొక సంగతి. తల్లులు సంకోచపడకుండా వినాలి. వయసులో నేను మీలో చాలామందికి తండ్రివంటివాణ్ణి. యాత్రకో, వ్రతానికో నెలసరి అడ్డు వస్తుందని, దానిని వాయిదా వేసే మాత్రలను మందుల దుకాణంలో అడిగి కొని మింగేవారు ఎక్కువవుతున్నారు. అవి చాక్లెట్లు కావు, హార్మోను మందులు. గతంలో కాలి నరాలలోగాని, ఊపిరితిత్తులలోగాని రక్తం గడ్డకట్టినవారు, కాలేయవ్యాధి ఉన్నవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, గర్భం అనుమానం ఉన్నవారు వాటిని వాడకూడదు. ఎవరికి పనికివస్తుందో, ఎవరికి రాదో దుకాణంలోని కుర్రవాడు చెప్పలేడు. వైద్యురాలిని అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. వేసుకొన్నాక పిక్కలో వాపు, నొప్పి, ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆచారాన్ని విడిచిపెట్టమని నేను అనను. దానికి ఉన్న సులభమైన దారిని చూడమంటాను. వరలక్ష్మీ వ్రతం ఆ శుక్రవారం కుదరకపోతే మరో శుక్రవారం చేసుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. స్వామి ఈ నెల ఉంటారు, వచ్చే నెలా ఉంటారు. ప్రయాణపు టికెట్టు మార్చుకోవచ్చు. నామస్మరణకు దేశకాలశౌచ నియమాలు లేవని మన భక్తి సంప్రదాయం ఘోషిస్తోంది. పెద్దలు ఆ మూడు రోజులకు చెప్పిన విశ్రాంతిని విశ్రాంతిగానే పాటించండి. వేరుగా కూర్చున్న పిల్లకు కంచంలో అన్నం తగ్గకూడదు. వాడే గుడ్డ అయితే సబ్బుతో ఉతికి, చాటున చీకట్లో కాక ఎండలో ఆరాలి. దేహానికి బలం ఎక్కువ కావలసిన రోజులు అవి.

దాచుకొన్న నొప్పి

చివరగా, లజ్జ. లజ్జ స్త్రీకి భూషణమన్నారు. కాని ఆభరణం మెడకు ఉరి కాకూడదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, ముట్లుడిగిన ఏళ్ల తరువాత మళ్లీ రక్తం కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా, మూడు నెలలు, ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా దాచుకొనేవారున్నారు. ఒక కారణం సిగ్గు. రెండవది, తనకోసం ఇంటిల్లిపాదికీ ఖర్చు ఎందుకన్న భావన. మూడవది, మొక్కుకొంటే పోతుందన్న ఆశ.

మా ఊళ్లో ఒక తల్లి నలభై ఒక్క రోజులు ప్రదక్షిణలు చేసింది. దేనికోసమో ఎవరికీ చెప్పలేదు. దీక్ష పూర్తి అయ్యాక కూతురికి చెప్పింది, కూతురు ఆసుపత్రికి తీసుకువెళ్లింది. ఆమె బ్రతికింది, కాని చికిత్స చాలా పెద్దదైంది. ఆమె ప్రదక్షిణలను నేను వ్యర్థమనను. బహుశా చెప్పుకొనే ధైర్యం ఆమెకు అక్కడే లభించి ఉంటుంది. కాని మొదటి రోజు ప్రదక్షిణ చేసి, రెండవ రోజున వైద్యురాలి దగ్గరకు వెళ్లి ఉంటే, మిగిలిన ముప్పైతొమ్మిది రోజుల దీక్ష నిశ్చింతగా సాగేది.

రోగం మొదట అణువంతే ఉంటుందని, ఆ తరువాత పెరిగి వేరూని, బలాన్నీ ఆయుష్షునూ హరిస్తుందని చరకుడే హెచ్చరించాడు. 30 ఏళ్లు నిండిన స్త్రీలకు రక్తపోటు, మధుమేహం, నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా జరుగుతున్నాయి. మీ వీధికి వచ్చే ఆశా కార్యకర్తను అడగండి. స్త్రీవైద్యురాలు కావాలని కోరడంలో తప్పు లేదు. అసలు చెప్పకుండా ఉండడమే తప్పు. పుట్టినరోజుకు గుడికి వెళ్లి అర్చన చేయించుకొనే ప్రతి తల్లీ, ఆ వారంలోనే ఒకసారి ఈ పరీక్షలు చేయించుకోవాలా అని వైద్యుణ్ణి అడిగే నియమం పెట్టుకొంటే, అదీ ఒక నోమే. ఏటా ఉద్యాపన చేయవలసిన పని లేని నోము.

విన్నపాలు

తల్లులకు నా విన్నపం ఒక్కటే. ఏదైనా ఆచారం మీ దేహానికి హాని చేస్తున్నదని తోస్తే, అది శాస్త్రమా, విన్నమాటా అని తెలిసినవారిని అడగండి. నన్ను అడగండి, మీ ఊరి పురోహితుణ్ణి అడగండి. అడగడం అశ్రద్ధ కాదు. ప్రశ్న వేసిన గార్గిని మన ఉపనిషత్తులు గౌరవంగా గుర్తుంచుకొన్నాయి.

అర్చకులకు, పురోహితులకు మనవి. వ్రతసంకల్పం చెప్పేముందు, "అమ్మా, మందులేమైనా వేసుకోవాలా? వేసుకొని రండి" అని ఒక్క మాట అడగండి. వైద్యుడు పదిసార్లు చెప్పినా కదలని మనసు మీ ఒక్క మాటతో కదులుతుంది. ఆ అధికారం సమాజం మీకు ఇచ్చింది. దానిని ఇందుకు వినియోగించండి.

పురుషులకు మనవి. రేపటి నుంచి కనీసం రాత్రి భోజనం భార్యతో కలిసి చేయండి. ఆ ద్వివచనాన్ని సార్థకం చేయండి.

దాతలైన మహనీయులకు మనవి. మీ దాతృత్వంతో ఇక్కడ అన్నదానం నిరాటంకంగా సాగుతోంది. అన్నదానంతో సమానమైన పుణ్యం మరొకటి చెప్పమంటే, క్యూ పొడవునా మంచినీటి కుండలు, స్త్రీలకు శుభ్రమైన మరుగుదొడ్లు, వాటిని రోజంతా కడిగే మనిషికి జీతం, వృద్ధులకు, గర్భిణులకు కూర్చునే బల్లలు అని చెబుతాను. గోపురంమీద కలశం దూరం నుంచి కనబడుతుంది. ఈ సేవ కనబడదు. కాని నీరు తాగి, నిశ్చింతగా, నిలువుకాళ్లమీద స్వామి ఎదుట నిలబడి చేతులు జోడించిన ప్రతి తల్లి నమస్కారంలో ఆ దాతకు భాగం ఉంటుంది.

జగన్మాతను పూజించే చేతులు దృఢంగా ఉండాలి. దీపం వెలిగించే తల్లి కన్నులలోనూ వెలుగు ఉండాలి. మీ వ్రతాలు సంపూర్ణమగు గాక, మీ దేహాలు ఆరోగ్యవంతమగు గాక, మీ గృహాలు మంగళప్రదమగు గాక.

స్వస్తి.